రంగే రక్ష

మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటా రాశులను మీలో చాలామంది చూసే ఉంటారు. పుంగనూరు, కుప్పం పొలాలలోనూ ఈ పంట పండుతుంది. చలికాలంలో పండు ఎర్రగా నిగనిగలాడుతుంది. మండువేసవిలో మాత్రం ఒక్కొక్కసారి పండినా పసుపు, నారింజ ఛాయలోనే నిలిచిపోతుంది. ఎందుకు? అసలు మొక్కకు రంగులతో పనేమిటి?

ఎండ ఎక్కువైతే

ఆకులోని పత్రహరితం సూర్యకాంతిని గ్రహించి కిరణజన్య సంయోగక్రియకు శక్తినిస్తుందని మీరు చదువుకున్నారు. కాని మిట్టమధ్యాహ్నపు కాంతినంతా ఆకు వాడుకోలేదు. నీటి ఎద్దడి ఉంటే మరీ కష్టం. పత్రరంధ్రాలు మూసుకుంటాయి, బొగ్గుపులుసు వాయువు లోనికి రాదు, పిండిపదార్థం తయారీ మందగిస్తుంది. అప్పుడు మిగిలిన శక్తి పక్కనున్న ఆక్సిజన్‌కు చేరుతుంది. అలా చురుకెక్కిన ఆక్సిజన్ కణంలోని కొవ్వులను, ప్రోటీన్లను దెబ్బతీస్తుంది. ఇదే ఆక్సీకరణ ఒత్తిడి.

మనమైతే నీడకు పరుగెత్తుతాం. మొక్క కదలలేదు కదా! అందుకే రంగులను కాపలా పెట్టుకుంది. పత్రహరితం పక్కనే కెరోటినాయిడ్లు అనే పసుపు, నారింజ వర్ణద్రవ్యాలు ఉంటాయి. చురుకెక్కిన ఆక్సిజన్ శక్తిని ఇవి తీసుకొని, వేడిగా మార్చి వదిలేస్తాయి. ఆక్సిజన్ మళ్ళీ మామూలు స్థితికి వస్తుంది.

మామిడి చిగురు ఎరుపు ఆంథోసయనిన్ అనే మరో వర్ణద్రవ్యం వల్ల వస్తుంది. అది లేత ఆకుకు గొడుగులా కొంత కాంతిని అడ్డుకుంటుంది. ఆకు ముదిరేకొద్దీ ఆ ఎరుపు తగ్గిపోతుంది.

టమోటా సంగతి

టమోటాకు ఎరుపునిచ్చేది లైకోపీన్. ఇదీ కెరోటినాయిడే. దీని అణువులో 40 కార్బన్, 56 హైడ్రోజన్ పరమాణువులుంటాయి. ఆ గొలుసులో ఒకటి విడిచి ఒకటిగా 11 ద్విబంధాలు వరుసగా ఉంటాయి. ఎరుపుకూ, రక్షణశక్తికీ ఆ వరుసే మూలం. చురుకెక్కిన ఆక్సిజన్‌ను అణచడంలో బీటా కెరోటిన్ కంటే లైకోపీన్ మిన్న అని 1989లో జర్మనీ శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

లైకోపీన్ 20 నుండి 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద బాగా తయారవుతుంది. 30 డిగ్రీలు దాటితే తగ్గుతుంది. పసుపు, నారింజ రంగుల బీటా కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. వేసవి టమోటా రంగుకు కారణం ఇదే.

మనకు లాభమేమిటి?

మన కణాలకూ ఆక్సీకరణ బెడద ఉంది. కెరోటినాయిడ్లను మన శరీరం తయారు చేసుకోలేదు. తిండి నుండే రావాలి. టమోటాను కాస్త నూనెతో ఉడికిస్తే లైకోపీన్ బాగా ఒంటబడుతుంది. అయితే దాని నుండి విటమిన్ ఎ తయారు కాదు. అందుకు బీటా కెరోటిన్ ఉన్న మునగాకు, క్యారట్, మామిడిపండు కూడా తినాలి.

మరి మాత్రలు మింగితే చాలదా? ఫిన్లాండులో పొగతాగే సుమారు 29,000 మంది పురుషులపై జరిపిన పరిశోధన ఫలితాలు 1994లో వెలువడ్డాయి. బీటా కెరోటిన్ మాత్రలు వాడినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది! ఆహారంలో మేలుచేసేదే మాత్రగా మోతాదు పెరిగితే మేలు చేస్తుందని అనుకోరాదు.

చేసి చూడండి

ఏప్రిల్‌లో ఒకే మొక్క నుండి రంగు తిరగబోతున్న టమోటాలు నాలుగు కోయండి. రెండింటిని రేకుల కప్పు కింద మూత ఉన్న బుట్టలోను, రెండింటిని తడిగుడ్డ చుట్టిన మట్టికుండలోను ఉంచండి. గుడ్డను రోజూ తడపండి. వారం తరువాత రంగులను పోల్చి, కారణం మీ నోటు పుస్తకంలో రాయండి.