చిల్లుల తలుపు

మైక్రోవేవ్ పొయ్యి తలుపునందలి అద్దమునకు చిల్లుల లోహపు రేకొకటి అమర్చియుందురు. లోపల తిరుగుచున్న అన్నపు గిన్నె దానిగుండ కానవచ్చును. అన్నమును వేడిచేయు తరంగములు మాత్రము వెలికి రాజాలక లోనికే మరలిపోవును. ఆ తరంగము పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. చిల్లు వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లే. వెలుగు తరంగమన్ననో మిల్లీమీటరులో వేయవ వంతైనను ఉండదు. అది నిరాటంకముగ దూరిపోవును.

1944లో హాన్స్ బేతే యను భౌతికశాస్త్రజ్ఞుడు దీనిని గణించెను. తరంగముకంటె మిక్కిలి చిన్నదైన చిల్లు వ్యాసము సగమైనచో, దానిగుండ పోవు శక్తి సగము కాదు, అరువది నాలుగవ వంతగును!

చీలిక సంగతి వేరు. సన్ననిదేగదా యని దాని నుపేక్షింపరాదు. పొడవు 6 సెంటీమీటర్లకు చేరినచో తరంగము ధారాళముగ వెలువడును. తలుపు అంచు వంగిన పొయ్యిని బాగుచేయించువరకు వాడరాదనుట ఇందువలననే.