బల్బు కంటే ముందు వైరు చూడండి

పాత అంబాసిడర్ హెడ్‌లైట్లు మసకగా వెలుగుతుంటే చాలామంది చేసే మొదటి పని ఎక్కువ వాట్ల బల్బు కొనడం. 60/55 వాట్ల హెచ్4 బల్బు తీసేసి 100/90 పెట్టిస్తారు. పాత వైర్లు ఆ భారం మోయలేవు. స్విచ్ వేడెక్కుతుంది, హోల్డరు కరుగుతుంది, వెలుగు మాత్రం ఆశించినంత పెరగదు. చాలాసార్లు లోపం కరెంటు వచ్చే దారిలోనే ఉంటుంది.

మన జీవితంలోనూ ఇంతే. ఫలితం తగ్గగానే కొత్త కోర్సు, కొత్త సర్టిఫికెట్ కోసం పరుగెత్తుతాం. ఉన్న శక్తి ఎక్కడ వృథా అవుతోందో చూసుకోం. ఆ కారును బాగుచేసే పద్ధతి నుంచే నాలుగు సూత్రాలు నేర్చుకుందాం.

1. ముందు కొలవండి
తెలివైన ఆటో ఎలక్ట్రీషియన్ ఇంజిన్ నడుస్తుండగా లైట్లు వేసి, బ్యాటరీ దగ్గరా బల్బు దగ్గరా ఓల్టేజీ చూస్తాడు. తుప్పు పట్టిన కనెక్టర్లు, అరిగిన స్విచ్, వదులైన ఎర్త్ తలా కొంత మింగేస్తాయి. బల్బుకు అందే ఓల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. చాలని నిద్ర, మాటిమాటికీ ఫోను చూడటం కూడా మన పనిని ఇలాగే దెబ్బతీస్తాయి. మీ గంటలు ఎటు పోతున్నాయో ఒక వారం రాసి చూడండి.

2. బరువు పంచండి
రెండు 60 వాట్ల బల్బులకు 12 ఓల్టుల దగ్గర 10 ఆంపియర్లు కావాలి. పాత బండ్లలో అదంతా డాష్‌బోర్డు స్విచ్ గుండానే పోతుంది. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే రిలే పెడితే స్విచ్ మీద అర ఆంపియర్ కూడా పడదు. అసలు కరెంటు బ్యాటరీ నుంచి లావు వైర్లలో రిలే మీదుగా బల్బుకు చేరుతుంది. మీరూ పనులన్నీ నెత్తిన వేసుకోకండి. సమర్థులకు అప్పగించండి, నిర్ణయించే అధికారమూ ఇవ్వండి.

3. హద్దు పెట్టుకోండి
బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు ఉండాలి. లేకపోతే ఒక్క షార్టుకు వైర్లు అంటుకోవచ్చు. మీరూ మోయలేని పని వచ్చినప్పుడు "నా వల్ల కాదు" అని మర్యాదగా చెప్పడం నేర్చుకోండి. ఆ ఒక్క మాట మీ ఆరోగ్యాన్నీ అనుబంధాలనూ కాపాడుతుంది.

4. దిశ సరిచూసుకోండి
హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో సరిపడని ఎల్ఈడీ బిగిస్తే వెలుగు చెదిరి ఎదుటి డ్రైవరు కళ్లలో పడుతుంది. అందుకే సరిపడే బల్బే పెట్టి, పని ముగిశాక గోడకు ఎదురుగా బండి నిలిపి బీమ్ సరిచేస్తారు. మీ ప్రతిభ కూడా తోటివారిని చిన్నబుచ్చకుండా, వాళ్లకు దారి చూపేలా ఉండాలి.

కొత్త కోర్సుకు ఫీజు కట్టే ముందు ఒక కాగితం తీసుకోండి. మీ శక్తి వృథా అవుతున్న మూడు చోట్లు రాయండి. వాటిలో ఒకదాన్ని ఈ వారమే సరిచేయండి.