రిటైరయ్యాక తెరచాప పడవ: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. చెరువు నిండితేనే పండగ చేసుకునే సీమ మాది. సముద్రాన్ని చూసింది తక్కువే. అయినా నా భార్యతో కలిసి కొన్నాళ్ళు తెరచాప పడవలో తీరం వెంట తిరగాలని గట్టిగా ఉంది. ఈ వయసులో కుదిరే పనేనా?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, కల్యాణదుర్గం

జవాబు: కుదురుతుంది మాస్టారూ. బ్రిటన్‌కు చెందిన జీన్ సోక్రటీస్ కూడా లెక్కలు చెప్పినావిడే. పడవ నడపడం నలభై దాటాకే నేర్చుకున్నారు. 1997లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు వదిలి ‘నెరీడా’ అనే పడవలో ప్రయాణాలు మొదలుపెట్టారు. 2003లో భర్త పోయారు. ఆమె మాత్రం పడవ దిగలేదు. 2019 సెప్టెంబరులో, 77 ఏళ్ళ వయసులో, ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి కెనడాలోని విక్టోరియాకు చేరారు.

ఉదాహరణ కోసం అంత దూరం పోనక్కర్లేదు, మనవాళ్ళే ఉన్నారు. విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బి. ఐశ్వర్య నౌకాదళం వారి తెరచాప పడవ ‘తారిణి’లో మరో నలుగురు మహిళా అధికారులతో కలిసి 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ దాటి, భూమిని చుట్టి, 2018 మే 21న తిరిగొచ్చారు. 254 రోజులు. వాళ్ళది సైనిక శిక్షణ, మాస్టారు అడుగుతున్నది తీరం వెంట తీరికైన తిరుగుడు. రెండింటికీ అక్షరాభ్యాసం మాత్రం ఒకటే: చిన్న పడవ, నిలకడైన నీళ్ళు, పక్కన గురువు.

గాలి విషయంలో అనంతపురం మనిషికి కొంత చదువు ముందే అయిపోయి ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి మబ్బుల్ని తలమీదుగా తరుముకుపోతుంటే చూస్తూ పెరిగినవాళ్ళు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే ఈ నేలమీద, రామగిరి కొండల్లో 1990ల నుంచే మరలు తిప్పింది ఆ గాలే. అది ఎప్పుడు లేస్తుందో, ఎటు తిరిగిందో చెంపకు తగలగానే పోల్చుకోవడం పడవలో సగం పని.

నేర్చుకోవడానికి దగ్గరి చోటు హుస్సేన్ సాగర్. అక్కడి యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ తెరచాప నేర్పుతుంది. గోవాలో జాతీయ జలక్రీడల సంస్థ ఉంది. ఆ తర్వాత థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లోనో మలేషియాలోని లంగ్కావిలోనో సరంగుతో సహా పడవను వారం రోజులు అద్దెకు తీసుకుని చూడాలి. అంతవరకూ పొలం అమ్మడం, పడవ కొనడం మాట తలపెట్టొద్దు. మీ ఆవిడకు పడవ పడకపోతే వారంలో తెలిసిపోతుంది, డబ్బూ మిగులుతుంది.

ప్రశ్న: పడవమీద ఒక రోజు ఎలా గడుస్తుంది? రాత్రి లంగరు వేసి నిద్రపోతే పడవ కొట్టుకుపోదా? మా ఆయన ఉత్సాహం చూస్తే నాకు భయంగా ఉంది.
- గృహిణి, ధర్మవరం

జవాబు: అమ్మా, ఆ భయం మంచిదే. అనుభవమున్న సరంగులు కూడా దాన్ని వదులుకోరు. అందుకే వాళ్ళు పొద్దున లంగరు ఎత్తకముందే సాయంత్రం ఎక్కడ దించాలో తేల్చుకుంటారు. రోజంతా ఆ ఒక్క నిర్ణయం చుట్టూ తిరుగుతుంది.

ముందురోజు రాత్రే గాలి, అలల సూచన చూసుకుంటారు. మన సముద్రాలకు ఆ సూచన ఇచ్చే జాతీయ సముద్ర సమాచార కేంద్రం ‘ఇన్‌కాయిస్’ ఉన్నది సముద్రం లేని హైదరాబాద్‌లోనే. తెల్లవారగానే ఇంజను నూనె చూసి, లంగరు ఎత్తి, గాలికి ఎదురు నిలిచి తెరచాప లేపుతారు. ఇలాంటి పడవ వేగం అయిదు నాట్లు, అంటే గంటకు తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు. అయిదు గంటల ప్రయాణానికి 46 కిలోమీటర్లు. చిత్రాన్నం, శెనక్కాయల ముద్దలు పొద్దున్నే కట్టిపెట్టుకుంటే మంచిది, ఊగే పడవలో పొయ్యి దగ్గర నిలబడటం కొత్తవాళ్ళకు కష్టం. మధ్యాహ్నం మూడింటికల్లా చోటు చేరాలి. చీకట్లో తెలియని చోట లంగరు వేయడమంత ప్రమాదం ఇంకోటి లేదు.

లంగరు బరువొక్కటే పడవను ఆపుతుందనుకుంటారు చాలామంది. నిజానికి ఆపేది దాని కొక్కెం నేలలోకి దిగబడటం. గొలుసు అడుగున పడుకుని అడ్డంగా లాగితే కొక్కెం ఇంకా లోతుకు దిగుతుంది, నిట్రంగా పైకి లాగితే ఊడివస్తుంది. కాబట్టి గొలుసు ఎక్కువ వదలాలి. నీటి లోతు నాలుగు మీటర్లు, నీటి మట్టం నుంచి పడవ ముక్కు ఎత్తు ఒకటి, పోటుకు పెరిగే నీరు ఒకటి, మొత్తం ఆరు. దానికి అయిదింతలు, ముప్పై మీటర్ల గొలుసు. గాలి రేగేట్టుంటే ఇంకా ఎక్కువ. ఒండ్రు, ఇసుక పట్టు ఇస్తాయి, బండరాయి ఇవ్వదు.

గాలికి ఎదురుగా వచ్చి, పడవ నిలిచాక లంగరు దించి, వెనక్కి జరుగుతూ గొలుసు వదిలి, చివర్లో ఇంజనుతో వెనక్కి గట్టిగా లాగి చూస్తారు. ఆపైన పడవ పక్కనుంచి ఒడ్డుకు చూసి, తాటిచెట్టూ దాని వెనక గుడి గోపురమూ ఒకే వరసలో ఉన్నాయని గుర్తుపెట్టుకుంటారు. గాలి మారకుండానే ఆ వరస చెదిరిందంటే లంగరు జారుతున్నట్టే. గాలి తిరిగితే మాత్రం పడవ గొలుసు పొడవునా గుండ్రంగా తిరుగుతుంది, గానుగ చుట్టూ ఎద్దులాగా. ఆ చుట్టులో బండలు, వేరే పడవలు ఉండకూడదు. పగలు నల్ల గుండు, రాత్రి అన్ని వైపులా కనిపించే తెల్ల దీపం పైకి కట్టడం అంతర్జాతీయ నియమం. గాలి రాత్రుల్లో ఒకరు పడుకుంటే ఒకరు మేలుకుని ఉంటారు.

ఇక మంచినీళ్ళు. పడవ తొట్టిలో పట్టేది కొన్ని వందల లీటర్లే. గిన్నెలు సముద్రపు నీటితో తోమి, చివర చెంబెడు మంచినీళ్ళతో తొలుస్తారు. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన ఇంటి ఇల్లాలికి ఈ పొదుపు ఎవరూ నేర్పక్కర్లేదు. పడవలో ఆమె మాటే చెల్లాలి.

ప్రశ్న: మన పెన్న వెళ్ళి కలిసే సముద్రంలోనే తిరగొచ్చా?
- పాఠకుడు, తాడిపత్రి

జవాబు: నెల్లూరు జిల్లాలో పెన్న కలిసేచోట తీరం బహిరంగం, అలలు ఒడ్డునే విరుగుతాయి. లంగరుకు ఆసరా లేదు. ఆంధ్ర తీరం చాలావరకు అంతే. కాకినాడ వేరు: గోదావరి ఒండ్రు పేర్చిన హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అలలకు అడ్డు నిలుస్తుంది. అందుకే ఓడలు అక్కడ తీరానికి దూరంగా లంగరు వేసి, సరుకును బార్జీల్లో దించుతాయి. విశాఖకు డాల్ఫిన్స్ నోస్ కొండ కాపు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం, ఆ ఊసే వద్దు. జనవరి నుంచి మార్చి వరకు మేలు. ఓడరేవు అధికారుల అనుమతి, ఒంటిమీద లైఫ్ జాకెట్, రేడియోలో 16వ ఛానల్ తప్పనిసరి. తీర రక్షక దళం నంబరు 1554 పడవలో అందరి ఫోన్లలోనూ ఉండాలి.