ఫోనులో వచ్చిన సలహాకు సనద్ ఏది?

ఇటీవల ఒక రాత్రి ఇషా నమాజు ముగిశాక డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక యువకుడు నా పక్కన కూర్చుని ఫోనులో ఒక వీడియో చూపించాడు. అందులో ఒకతను సలాంతో మొదలుపెట్టి, చదువుతో కాలం వృథా చేసుకోవద్దని, గల్ఫ్‌లో గోదాము పనికి మనుషులు కావాలని, ముందు విజిట్ వీసాపై వెళితే అక్కడ అంతా సరిచేస్తారని చెబుతున్నాడు. డబ్బు కోసం తల్లి నగలు కుదువ పెట్టడానికి సిద్ధమైందట. "మౌలానా సాబ్, హలాల్ సంపాదనే కదా, వెళ్ళమంటారా?" అని అడిగాడు.

"ఈ మాట చెప్పినతను ఎవరు బేటా?" అన్నాను. "తెలియదు. కానీ లక్షల మంది చూశారు" అన్నాడు.

సోదరులారా! మన ధర్మం ఈ విషయంలో మనల్ని చీకట్లో వదిలేయలేదు. నమ్మదగని వ్యక్తి ఏదైనా వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోవాలని, లేకుంటే తెలియక ఇతరులకు నష్టం కలిగించి తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని దివ్య ఖుర్ఆన్ (హుజురాత్: 6) హెచ్చరించింది. తెలియనిదాని వెంట పడవద్దని, చెవి, కన్ను, హృదయం అన్నిటి గురించీ ప్రశ్నించడం జరుగుతుందని మరోచోట (బనీ ఇస్రాయీల్: 36) బోధించింది.

హదీసువేత్తల కొలబద్ద

ఒక హదీసును సహీహ్ అని నిర్ణయించడానికి ముహద్దిసులు ఐదు విషయాలు చూశారు. ప్రాపంచిక సలహాకు హదీసు స్థాయి లేదు. అయినా ఈ పరిశీలనా పద్ధతి మనకు ఎంతో ఉపయోగపడుతుంది.

1. ఇత్తిసాల్: ఉల్లేఖకుల గొలుసు ఎక్కడా తెగకూడదు. సలహా ఇచ్చేవాడు ఆ పని స్వయంగా చేశాడా, ఆ కంపెనీని చూశాడా, లేక ఎవరో చెప్పింది తిరిగి చెబుతున్నాడా?

2. అదాలత్: ఉల్లేఖకుడు నీతిమంతుడై ఉండాలి. అతని పేరు, ఊరు, పూర్వ చరిత్ర ఎవరికైనా తెలుసా?

3. జబ్త్: మంచివాడైనంత మాత్రాన చాలదు, విషయం కచ్చితంగా తెలిసి ఉండాలి. పదేళ్ళ క్రితం వెళ్ళినవాడికి నేటి వీసా నిబంధనలు తెలియకపోవచ్చు.

4. షాజ్ కాకపోవడం: తనకంటే నమ్మకస్తులైనవారు చెప్పినదానికి విరుద్ధంగా ఉండకూడదు. అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న మన ఊరివాళ్ళు ఏమంటున్నారు?

5. ఇల్లత్ లేకపోవడం: పైకి అంతా సవ్యంగా కనిపించినా లోపల దాగిన లోపాన్ని ఇల్లత్ అంటారు. నేటి సలహాల్లో ఇది తరచుగా కమీషన్ రూపంలో ఉంటుంది. నేను బయలుదేరితే ఇతనికి ఎంత ముడుతుంది? ఈ ఒక్క ప్రశ్న ఎన్నో ముసుగులు తొలగిస్తుంది.

లక్షల మంది చూశారన్నది ఈ ఐదింటిలో ఎక్కడా లేదు. సలాంతో మొదలైంది, మాట్లాడేవాడికి గడ్డం ఉంది అన్నదీ లేదు. హిజ్రత్ ప్రయాణంలో దైవప్రవక్త (స) దారి చూపడానికి అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్‌ను నియమించుకున్నారు. అతను అప్పటికి ముస్లిం కాదు. కాని దారి బాగా తెలిసినవాడు, నమ్మదగినవాడు. ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. నైపుణ్యం, నమ్మకం రెండూ చూడాలనడానికి ఇంతకన్నా ఏం నిదర్శనం కావాలి?

విచారించకపోతే

రష్యాలో సహాయకుల ఉద్యోగాలని యూట్యూబ్ వంటి మాధ్యమాల్లో చెప్పిన మాటలు నమ్మి మన దేశ యువకులు కొందరు వెళ్ళారు. అక్కడ వారిని యుద్ధరంగానికి పంపారు. వారిలో హైదరాబాదుకు చెందిన ఒక యువకుడు మరణించినట్లు 2024 మార్చిలో భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. అదే నెలలో సీబీఐ ఈ ముఠాపై దాడులు జరిపింది. ఇంటికోసం నాలుగు రూపాయలు సంపాదించాలని బయలుదేరిన బిడ్డలు వాళ్ళు. అల్లాహ్ మృతుని కుటుంబానికి సహనం ప్రసాదించుగాక!

విచారణ మార్గాలు

విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. ఆ పేరు కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. పదో తరగతి పాస్ కానివారు గల్ఫ్ దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. దానితోపాటు 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉంటుంది. విజిట్ వీసాపై వెళ్ళి పనిలో చేరడం అక్కడి చట్టానికి విరుద్ధం. అలా వెళ్ళినవాడు జీతం అందకపోయినా ఫిర్యాదు చేయడానికి భయపడవలసి వస్తుంది. తెలంగాణ వారు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లోనూ విచారించవచ్చు.

సలహా అమానతు

సలహా అడగబడినవాడు అమానతుదారుడని దైవప్రవక్త (స) సెలవిచ్చారు (అబూ దావూద్, తిర్మిజీ). మేలు వేరొకదానిలో ఉందని తెలిసి కూడా సోదరునికి మరో దారి చూపినవాడు అతనికి ద్రోహం చేసినట్లేనని కూడా హెచ్చరించారు (అబూ దావూద్). విన్నదల్లా చెప్పుకుంటూ పోవడమే మనిషి అబద్ధీకుడనడానికి చాలునని సహీహ్ ముస్లిం ముందుమాటలోని హదీసు తెలుపుతోంది. ఉద్యోగ ప్రకటనలను విచారించకుండా మొహల్లా గ్రూపుల్లోకి పంపే మనం ఈ హదీసు ముందు ఒక్క క్షణం ఆగాలి. మన సందేశం చూసి ఎవరో తల్లి నగలు కుదువ పెడితే రేపు అల్లాహ్ ముందు ఏం జవాబు చెబుతాం?

ముఖ్యమైన పనులన్నిటికీ దైవప్రవక్త (స) ఇస్తిఖారా నేర్పారు. అయితే ఇస్తిఖారా చేశాను కాబట్టి విచారణ అవసరం లేదనుకోవడం పొరపాటు. తెలిసినవారిని సంప్రదించాలి, విచారించాలి, రెండు రకాతులు చదివి అల్లాహ్‌ను వేడుకోవాలి, ఆ తరువాత అడుగు వేయాలి.

ఆ యువకుడు మరునాడు జాబితా చూశాడు. ఆ ఏజెంటు పేరు అందులో లేదు. ఫోను చేసి లైసెన్సు నంబరు అడిగితే అవతలివాడు పెట్టేశాడట. కుర్రవాడు చదువు కొనసాగిస్తూ సాయంత్రాలు పని వెతుక్కుంటున్నాడు. ఇంకా దొరకలేదు. తల్లి నగలు మాత్రం ఇంట్లోనే ఉన్నాయి.

అల్లాహ్ మన యువతకు హలాల్ ఉపాధిని, నిజాన్ని గుర్తించే విచక్షణను, మనకు సలహాలో నిజాయితీని ప్రసాదించుగాక! ఆమీన్.