పొలం అమ్మి డైరెక్టర్‌వి కాకు

ద్వారకాపురి కాలనీ,
పంజాగుట్ట

చి. బుజ్జికి,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఎవరో నిర్మాత నిన్ను డైలీ సీరియల్‌కి డైరెక్టర్‌ని చేస్తానన్నాడట. ముప్ఫై లక్షలు పెట్టి భాగస్వామిగా చేరాలన్నాడట. మీ నాన్న కాలవ పక్క ఎకరానికి బేరం చూస్తున్నాడట. నీకు ఫోన్ చేస్తే సగం మాటలోనే "సరేలే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చివరిదాకా చదువు.

నిన్ను డైరెక్టర్ కావద్దనడం లేదు. అవ్వు. కానీ డబ్బు పెట్టి అవ్వకు. డైరెక్షన్ ఒక పని, ప్రొడక్షన్ ఇంకో పని. మన తెలుగు సీరియల్స్‌లో రెండూ ఒకే మనిషి చెయ్యడం మామూలు కాబట్టి నీకు ఒకటేలా కనిపిస్తున్నాయి. అవి ఎలా కలిశాయో తెలిస్తే నీ ఎదురుగా కూర్చున్నాయన ఏం అమ్ముతున్నాడో అర్థమవుతుంది.

రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. మొదట్లో కార్యక్రమాలన్నీ అక్కడి ఉద్యోగులే తీసేవాళ్లు. తర్వాత స్పాన్సర్డ్ సీరియల్స్ వచ్చాయి. కథ ఇస్తే పదమూడు ఎపిసోడ్లకు అనుమతి ఇచ్చేవాళ్లు. టెలికాస్ట్ ఫీజు తీసేవాళ్లే కట్టాల్సి వచ్చేది. బదులుగా దూరదర్శన్ వాళ్లు ప్రకటనలకు కొన్ని సెకన్లు ఇచ్చేవాళ్లు. ఆ సెకన్లను సబ్బుల కంపెనీలకీ టీపొడి కంపెనీలకీ అమ్ముకోవాల్సి వచ్చేది. అనుమతి ఎవరి పేరున వస్తే వాళ్లే నిర్మాత. అలా కథ రాసుకున్నవాడూ కెమెరా వెనక నిలబడ్డవాడూ చెక్కు పుస్తకం పట్టుకోవాల్సి వచ్చింది. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక కొన్నాళ్లు స్లాట్లు కొనుక్కునే పద్ధతి నడిచింది. ప్రకటనలు తెచ్చుకోగలిగినవాళ్లు బాగుపడ్డారు, తేలేనివాళ్లు ఇళ్లు అమ్ముకున్నారు. ఇప్పుడు చాలావరకు చానలే ఎపిసోడ్‌కి ఇంత అని ఇచ్చి తీయిస్తుంది. ఆ మాట వింటే నిర్మాతకి భయమే లేదనిపిస్తుంది కదూ? లెక్క వేసి చూడు.

సోమవారం నుంచి శనివారం దాకా వచ్చే సీరియల్ నెలకి ఇరవయ్యారు ఎపిసోడ్లు. చానల్ డబ్బు ప్రసారమైన రెండు మూడు నెలలకి గానీ రాదు. రెండు నెలలే అనుకో, యాభై రెండు ఎపిసోడ్ల ఖర్చు నీ చేతి నుంచి పోయి ఉంటుంది. ఆర్టిస్టులకి జ్వరాలొచ్చినా వానలొచ్చినా ఆగకుండా ముందే తీసి పెట్టుకునే బ్యాంక్ ఇంకో పది ఎపిసోడ్లు. లెక్క తేలిగ్గా ఉండటానికి ఎపిసోడ్‌కి లక్ష అనుకుంటే అరవై రెండు లక్షలు. ఫైనాన్సర్ నూటికి రెండు రూపాయల వడ్డీ వేస్తే నెలకి లక్షా ఇరవై నాలుగు వేలు. అంటే ప్రతి నెలా ఒక ఎపిసోడ్‌కి పైగా ఆయన కోసమే తీస్తున్నావన్నమాట. నీ ముప్ఫై లక్షలు అయిదు వారాల షూటింగ్‌కి సరిపోతాయి. ఆరో వారం యూనిట్ వాళ్ల రోజువారీ బేటాలు ఎవరిస్తారో నీ నిర్మాతని అడిగావా? ఆయనకి కావలసింది డైరెక్టర్ కాదురా, ఆ అయిదు వారాలు.

ఇంత పెట్టాక సీరియల్ నీదవుతుందా అంటే, అదీ లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం తెర మీద కదిలే బొమ్మకి కర్త నిర్మాతే. డైరెక్టర్‌కి ఆ చట్టంలో చోటే లేదు. ఒప్పందంలో ఏం రాయించుకుంటే అదే. తీయించే చానల్ ఒప్పందంలో నిర్మాత కూడా హక్కులన్నీ రాసిచ్చేస్తాడు. స్టార్ మాలో 2017 నుంచి 2023 దాకా, 1,500కి పైగా ఎపిసోడ్లు నడిచిన 'కార్తీకదీపం' మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు'కి రీమేక్. ఒక కథ ఒక భాష నుంచి ఇంకో భాషకి వెళ్లినప్పుడు డబ్బు ఎవరి దగ్గరికి వెళ్తుందో ఆ ఒప్పందం కాగితమే చెబుతుంది. రాత్రిళ్లు మేలుకుని షాట్లు తీసినవాడి దగ్గరికి మాత్రం కాదు.

మరి హక్కు తన దగ్గర ఉంచుకున్నవాళ్లు లేరా? ఉన్నారు. గుణ్ణం గంగరాజు గారిని చూడు. 'లిటిల్ సోల్జర్స్' సినిమా 1996లో తీసి, తర్వాత జెమినీలో 'అమృతం' మొదలుపెట్టారు. 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా వారానికి ఒక ఎపిసోడ్, మొత్తం 313. ఈ వారం బాగా తీద్దాం అని కూర్చునే తీరిక వారపు సీరియల్‌కి ఉంటుంది, డైలీకి ఉండదు. మొదటి ఎపిసోడ్లకి దర్శకత్వం చేసిన చంద్రశేఖర్ ఏలేటి 2003లో గంగరాజు గారి నిర్మాణంలోనే 'ఐతే' తీశాడు. అమృతం పాత్ర వేసిన నటులు ముగ్గురు మారినా జనం అమృతాన్ని వదల్లేదు. 2014లో అవే పాత్రలతో 'అమృతం చందమామలో' సినిమా తీశారు, 2020 ఉగాదికి జీ5లో 'అమృతం ద్వితీయం' వచ్చింది. పాత్రలు పుట్టించినవాడే నిర్మాత అయితే ఇరవై ఏళ్లకి కూడా వాటితో పని ఉంటుంది. నిర్మాతవైతే అలా అవ్వు. నీ కథ, నీ పాత్రలు, నీ పేరున కాగితం. ఇంకెవరి సీరియల్‌కో పెట్టుబడిదారువి కాకు.

సరే, డబ్బు సంగతి వదిలేద్దాం. పని గురించి చెప్పనీ, అది నాకు ఇష్టమైన విషయం.

మైత్రీవనం దగ్గర మూడు నెలల కోర్సు చేసి ఎడిట్ సూట్‌లో అసిస్టెంట్‌గా కూర్చున్నావు కదా, అది మంచి మెట్టు. చిన్నది అనుకోకు. రాజమౌళి కూడా కోటగిరి వెంకటేశ్వరరావు గారి దగ్గర ఎడిటింగ్‌లో చేసినవాడే. తర్వాత ఈటీవీలో రాఘవేంద్రరావు గారి 'శాంతి నివాసం' డైరెక్ట్ చేశాకే 2001లో 'స్టూడెంట్ నెం.1'. సినిమాలో రోజుకి రెండు మూడు నిమిషాలు తీస్తే గొప్ప. సీరియల్లో ఎపిసోడ్‌కి కావలసిన ఇరవై నిమిషాలూ సాయంత్రానికి తేలాలి. అంత వేగంలో తప్పు షాట్ ఏదో, అక్కర్లేని షాట్ ఏదో తెలిసినవాడే నిలబడతాడు. అది తెలిసేది ఎడిట్ టేబుల్ దగ్గర.

ఇప్పుడు సెట్ మీదికి రా. డైరెక్టర్‌గా కాదు, అసిస్టెంట్‌గా. కంటిన్యుటీ పుస్తకం నీ చేతికి ఇమ్మని అడుగు. ఎవరూ కోరుకోని పని అది, తప్పయితే తిట్లన్నీ నీకే. హీరోయిన్ బెంగళూరు నుంచి వస్తుంది, నెలలో పది రోజులే డేట్లు. ఎనిమిది ఎపిసోడ్లలో ఆమె హాల్లో ఉన్న సీన్లన్నీ ఒకే రోజు తీస్తారు. ఏ సీన్లో ఏ చీర, తాళి లోపలా బయటా, నుదుటి మీద దెబ్బ మానిందా లేదా, ఏడ్చి వచ్చిందా ఏడవబోతోందా, ఇవన్నీ ఆ పుస్తకంలోనే ఉంటాయి. ఆమెకి తెలుగు రాకపోతే ప్రాంప్టింగ్ చెప్పేదీ నువ్వే. ఎక్కడ ఆపితే ఆ అమ్మాయి కళ్లలో అర్థం కనిపిస్తుందో, ఎక్కడ ఆపితే చిలకపలుకులా వినిపిస్తుందో పట్టుకున్నావంటే నటన గురించి సగం తెలిసినట్టే. ఏ ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీదా ఈ పాఠం లేదు.

చెంపదెబ్బకి మూడుసార్లు జూమ్ చేసే సీరియల్లో ఏం నేర్చుకుంటానని నువ్వు ముఖం చిట్లిస్తావు, తెలుసు. నాకూ ఆ జూములు పడవు. కానీ మంజులా నాయుడు గారు దూరదర్శన్‌లో 'ఋతురాగాలు' తీసిన చేత్తోనే జెమినీలో 'చక్రవాకం' తీశారు. అది 2008లో అయిపోతే వెంటనే 'మొగలిరేకులు' ఎత్తుకుని 2013 దాకా నడిపారు. రోజూ ఒక ఎపిసోడ్ ఇస్తూ కూడా ఇంట్లో మనుషులు మాట్లాడుకున్నట్టు మాట్లాడించవచ్చని చూపించారు. సాయంత్రం ఆ టైముకి మా వీధిలో కుక్కర్ కూతలు ఆగిపోయేవి. డైలీ అంటే చిన్నచూపు ఉన్నవాడికి ఆ పని ఎప్పటికీ చేతకాదు.

ఇంకోటి. రేటింగులు గురువారం వస్తాయి. అంకె తగ్గిన వారం చానల్ వాళ్లు కథ మార్చమంటారు. చచ్చిన మనిషిని బతికించమంటారు, మంచి అత్తని చెడ్డదాన్ని చెయ్యమంటారు. వాదించడం తప్పు కాదు, కానీ వాదించేవాడి వెనక అప్పు ఉండకూడదు. జీతానికి పనిచేసే డైరెక్టర్ నచ్చకపోతే దండం పెట్టి వచ్చేయగలడు. ముప్ఫై లక్షలు పెట్టినవాడు చచ్చినవాణ్ని బతికించి తీరాలి.

నీ కథలు నీకున్నాయి, నాకు తెలుసు. హాస్టల్లో నీతో ఉండే ఇద్దరు కుర్రాళ్లు కెమెరా చేస్తారన్నావు. ఫోన్లో నిలువుగా చూసే రెండు నిమిషాల కథలకి ఇప్పుడు గిరాకీ ఉంది. అలాంటివి కొన్ని తీసి నీ పేరున నీ చానల్లో పెట్టుకో. ఎవరైనా కొంటామంటే పూర్తిగా అమ్మకు, ఇన్నేళ్లకి అని రాయించుకుని ఇవ్వు. దానికి మీ నాన్న పొలం అక్కర్లేదు, నీ జీతం చాలు. తక్కువైతే నేను చూస్తాను.

సారథి స్టూడియోలో ఒక ఫ్లోర్ మీద డైలీ నడిపే కో-డైరెక్టర్ ఒకాయన నాకు బాగా తెలుసు. అసిస్టెంట్ కావాలని అడుగుతున్నాడు. జీతం తక్కువ, పొద్దున ఆరింటికి కాల్‌షీట్. అమీర్‌పేటలో నీ హాస్టల్ నుంచి నడిచి వెళ్లొచ్చు. ఇష్టమైతే చెప్పు, మాట్లాడతాను.

ఆ నిర్మాత ఇచ్చిన ఒప్పందం కాగితాలు జిరాక్స్ తీయించుకుని ఆదివారం మా ఇంటికి రా. మెట్రో ఒక్క స్టేషనే, బద్ధకించకు. ప్రసార హక్కులు, నష్టం వస్తే భాగం, టైటిల్ కార్డులో పేరు, ఈ మూడు చోట్లా ఏం రాశాడో ఇద్దరం కూర్చుని చదువుదాం. అంతదాకా సంతకం పెట్టకు. కొనేవాళ్ల దగ్గర బయానా పుచ్చుకోవద్దని మీ నాన్నకి ఇందాకే ఫోన్ చేసి చెప్పాను.

మీ అత్త