కొటేషన్ కంటే ముందు నాలుగు ప్రశ్నలు

1902లో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయానికి పెద్ద చిక్కొచ్చింది. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగేది, ముడుచుకునేది. ఒకదాని మీద ఒకటి కచ్చితంగా పడాల్సిన రంగులు పక్కకు జరిగేవి. ఆ సమస్య విల్లిస్ క్యారియర్ అనే 25 ఏళ్ల ఇంజనీరు చేతికొచ్చింది. వాతావరణ శాఖ పట్టికలు ముందేసుకుని, ఎంత వెచ్చటి గాలిలో ఎంత తేమ ఇముడుతుందో లెక్కగట్టాడు. ఆ లెక్కకు తగ్గట్టే యంత్రాన్ని గీశాడు. ఆధునిక ఏసీకి అదే తొలి రూపం.

ఈ రోజు అలాంటి బాధ్యత మీకు రావచ్చు. టొరంటోలోనో షికాగోలోనో ఇరవై అంతస్తుల ఆఫీసుకు గాలిలో తేమ కలిపే హ్యూమిడిఫయర్ ఎంచమని మీ మేనేజర్ అడగవచ్చు. గుంటూరు జిల్లాలో స్పిన్నింగ్ మిల్లు యజమాని అడగవచ్చు. వెంటనే మూడు కొటేషన్లు తెప్పించి, తక్కువ ధర ఉన్నదానికి టిక్కు పెట్టాలనిపిస్తుంది. ఆగండి! సరైన ప్రశ్నలు సరైన వరసలో వేసేవాళ్లకే మంచి నిర్ణయం చిక్కుతుంది. ఆ వరస ఇదిగో.

1. నిజంగా ఎంత కావాలి?

మైనస్ 10 డిగ్రీల చలిగాలిని లోపలికి తెచ్చి 21 డిగ్రీలకు వేడిచేస్తే, బయట నూటికి నూరు శాతం ఉన్న తేమ లోపల 10 శాతానికి పడిపోతుంది. పెదాలు పగులుతాయి, కళ్లు మండుతాయి, తలుపు పిడి పట్టుకుంటే చురుక్కుమంటుంది. కాబట్టి తేమ కలపాల్సిందే. కానీ ఎంత?

గంటకు 10 వేల ఘనపు మీటర్ల బయటి గాలి తీసుకునే భవనాన్ని ఊహించండి. లోపల 40 శాతం తేమ కావాలంటే గంటకు సుమారు 55 లీటర్ల నీటిని గాలిలో కలపాలి. 30 శాతం చాలనుకుంటే 37 లీటర్లు సరిపోతాయి. మామూలు ఆఫీసుకు చలికాలంలో 30 శాతం చాలాసార్లు చాలు. పైగా తేమ ఎక్కువైతే చల్లని కిటికీ అద్దాల మీద నీరు కారుతుంది. నూలు మిల్లు సంగతి వేరు. అక్కడ తేమ తగ్గితే దారం తెగుతుంది, రాజీ కుదరదు. పాత ఫైల్లో ఉన్న అంకెను యథాతథంగా ఎత్తి రాయకండి. అది ఎందుకుందో అడగండి.

2. ఉన్నదాన్ని పారేసుకుంటున్నామా?

బయటికి పంపేస్తున్న గాలిలో మనం డబ్బు పోసి కలిపిన తేమే ఉంటుంది. బయటికెళ్లే గాలిలోని వేడిని, తేమను లోపలికొచ్చే గాలికి అందించే ఎంథాల్పీ వీల్ పెడితే అందులో కొంత తిరిగి లోపలికొస్తుంది. అది 60 శాతం తేమను వెనక్కి తెచ్చిందనుకుంటే, మన 37 లీటర్లు 15కు దిగుతాయి. మనుషులు తక్కువగా ఉన్న వేళ బయటి గాలిని తగ్గించే కార్బన్ డయాక్సైడ్ సెన్సర్లు అమరిస్తే అవసరం ఇంకా తగ్గుతుంది. యంత్రం పేరైనా ఎత్తకముందే 55 లీటర్ల పని 15కు వచ్చింది. అతి పెద్ద పొదుపు ఇక్కడే ఉంది.

3. వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 0.7 యూనిట్ల (కిలోవాట్-గంటల) వేడి కావాలి. ఏ కంపెనీ యంత్రమైనా ఈ ప్రకృతి నియమాన్ని దాటలేదు. కరెంటుతో నీటిని మరిగించే స్టీమ్ హ్యూమిడిఫయర్ ఆ వేడి మొత్తాన్నీ మీటరు మీద వేస్తుంది. అధిక పీడనంతో నీటిని పొగమంచులా చిమ్మే యంత్రంలో పంపు వాడే కరెంటు చాలా స్వల్పం. మిగతా వేడిని అది గాలి నుంచే లాక్కుంటుంది. అందుకే గాలి చల్లబడుతుంది, వేసవిలో వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లినప్పటిలాగే.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. చల్లబడిన ఆ గాలిని మళ్లీ కరెంటు హీటరుతో వేడిచేస్తే, మిగిల్చామనుకున్నదంతా అక్కడ ఖర్చయిపోతుంది. అదే స్పిన్నింగ్ మిల్లులోనో డేటా సెంటర్‌లోనో అయితే, యంత్రాల వేడి ఎలాగూ పుష్కలంగా ఉంటుంది. అక్కడ నీటిని చిమ్మే పద్ధతికి రెండు లాభాలు: తేమ వస్తుంది, చల్లదనమూ వస్తుంది. తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి ఇచ్చే హీట్ పంపు ఉన్న భవనంలోనూ ఈ పద్ధతి కలిసొస్తుంది. కాబట్టి “ఏది మంచి యంత్రం?” అని కాకుండా, “మా భవనంలో మిగులు వేడి ఎక్కడుంది?” అని అడగండి.

4. రేపు ఎవరు చూసుకుంటారు?

1976లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్‌లో సభకు హాజరైనవారిలో ఎందరో తీవ్రమైన న్యుమోనియా బారిన పడ్డారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. దానికి కారణమైన లెజియొనెల్లా బ్యాక్టీరియా గోరువెచ్చని నిల్వ నీటిలో పెరుగుతుంది, సన్నని తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. తుంపర యంత్రం పెట్టారంటే ఆర్‌ఓ నీరు, క్రమం తప్పని శుభ్రత, నీటి పరీక్షలు తప్పనిసరి. నీరు మరిగే స్టీమ్ యంత్రంలో ఈ భయం తక్కువే కానీ, లోపల పేరుకునే సున్నపు పొరను తీస్తుండాలి. కరెంటు ఆదా కోసం మనుషుల ఆరోగ్యాన్ని పణంగా పెట్టే హక్కు ఎవరికీ లేదు. శుభ్రం చేసే మనిషి, బడ్జెట్ రెండూ లేకపోతే ఆ యంత్రాన్ని ఎంచుకోకండి.

మీటింగులో మీ మాట నిలవాలంటే

ముందు ప్లాంటు రూములో పనిచేసే టెక్నీషియన్ దగ్గర కూర్చోండి. ఏ వాల్వు కారుతుందో, ఏ సెన్సరు తప్పు చూపిస్తుందో ఆయనకు తెలుసు. ఆయన చెప్పింది రాసుకోండి, మీటింగులో ఆయన పేరుతోనే చెప్పండి. రెండోది, కొనుగోలు ధర పక్కనే పదేళ్ల కరెంటు, నీరు, నిర్వహణ ఖర్చులు కలిపి ఒకే కాగితం మీద చూపించండి. మూడోది, తెలియని అంకె అడిగితే ఊహించి చెప్పకండి. “కొలిచి రేపు చెబుతానండి” అనండి, చెప్పినట్టే రేపు చెప్పండి. మీ మీద నమ్మకం అలాగే పెరుగుతుంది.

అవసరాన్ని తేల్చడం, వృథాను ఆపడం, వనరును వెతకడం, బాధ్యతను అప్పగించడం. ఈ వరస ఇల్లు కట్టేటప్పుడూ పనికొస్తుంది, వ్యాపారం మొదలుపెట్టేటప్పుడూ పనికొస్తుంది. మీ బల్ల మీద ఇప్పుడు సంతకం కోసం ఎదురుచూస్తున్న కొటేషన్ ఏదైనా ఉంటే, ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబులు రాసే వరకు కలం తీయకండి.