పాత రిపోర్టు ఒక్కటే చాలదు

ప్రశ్న: అమ్మకు ఐదేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. అప్పుడు ఈఆర్ పాజిటివ్. ఇప్పుడు కాలేయానికి పాకిందని, మళ్లీ ముక్క తీసి పరీక్షించాలని అంటున్నారు. అవసరమా డాక్టరు గారూ?
– ఓ పాఠకురాలు, అద్దంకి

జవాబు: అవసరమేనమ్మా. కాలేయానికి చేరిన కణాలు మొదటి గడ్డలో ఉన్నట్టే ఉండాలని లేదు. ఈస్ట్రోజన్ రిసెప్టర్ (ఈఆర్) ఫలితం నూటికి పది, ఇరవై మందిలో మారుతుంది. ప్రొజెస్టరాన్‌ది ఇంకా ఎక్కువ మందిలో. ఈఆర్ పోతే హార్మోన్ మాత్రలు పెద్దగా పనిచేయవు. హెర్2 అనే ప్రోటీన్ కొత్తగా ఎక్కువగా కనిపిస్తే మాత్రం ట్రాస్టుజుమాబ్ లాంటి మందులకు దారి దొరుకుతుంది. అసలు అది ఆ పాత జబ్బేనా అన్నదీ తేలుతుంది.

ముక్క కోసం సూది గుచ్చితే జబ్బు ఒళ్లంతా పాకుతుందన్న భయం మన ఊళ్లలో చాలామందికి ఉంది. దానివల్ల చికిత్స ఆలస్యం చేయకండి. రక్తం గడ్డకట్టే పరీక్ష చేసి, మత్తు సూది ఇచ్చి, స్కానింగ్‌లో చూస్తూ తీస్తారు. రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పండి.

ఎముకకూ పాకి ఉంటే, కాలేయం ముక్కే మేలు. ఎముక ముక్కను పరీక్ష కోసం మెత్తబరిచే ఆమ్లం వల్ల ఉన్న రిసెప్టర్ కూడా లేనట్టు కనిపించవచ్చు.

ఆపరేషన్ నాటి గడ్డ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకు అడిగి తీసుకోండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లోని నాట్కో క్యాన్సర్ కేంద్రానికి వెళ్లినా, హైదరాబాద్ బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లినా, పాత బ్లాకునూ కొత్త ముక్కనూ పక్కపక్కన పెట్టి చూడమనండి. ఫలితం వచ్చేదాకా ఇప్పటి మాత్రలు సొంతంగా ఆపకండి.